పంటి గాట్లు

తొమ్మిదో తరగతి ‘బి’ సెక్షన్‌కి ఆ సోమవారం స్లిప్ టెస్టు. బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతున్న సత్యవాణి మూడో బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. దివ్యశ్రీ పెన్ను పట్టుకున్న తీరు వింతగా ఉంది. చూపుడువేలూ మధ్యవేలూ గాల్లోకి లేపి, బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య పెన్ను ఇరికించి, ఒక్కో అక్షరాన్నీ ముందుకు తోస్తున్నట్టు రాస్తోంది. అక్షరాలు ఏటవాలుగా పడిపోతున్నాయి. జూన్‌లో రికార్డు పుస్తకంలో మందారం నిలువుకోత వేసి, ఎంత శ్రద్ధగా భాగాలకు పేర్లు రాసిందో ఈ పిల్లే.

ఆ పూట కూడా దివ్యశ్రీ ఆలస్యంగానే వచ్చింది. ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్ళని గేటు దగ్గర ఎండలో నిలబెట్టి, గ్రౌండులో కాగితాలు ఏరించి క్లాసుకి పంపడం ఆ బడిలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. పదిరోజులుగా ఆ వరసలో ఈ పిల్ల తప్పకుండా ఉంటోంది. ఎందుకు ఆలస్యమైందంటే నిద్ర లేవలేదంటుంది. ఇక ఎవరూ అడగడం మానేశారు. సత్యవాణి కూడా మానేసింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకి ఎలాగో అనిపించింది.

బెల్లు కొట్టాక పిల్లని ల్యాబుకి తీసుకెళ్ళింది. కిటికీ పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి చాపమంది. దివ్యశ్రీ కాసేపు తటపటాయించి చాపింది. రెండు వేళ్ళ మీదా పైన నాలుగు, కింద మూడు గాట్లు. వరసగా, వంపు తిరిగి ఉన్నాయి. రెండు చోట్ల చీము పట్టింది.

“ఏమైందమ్మా?”

“తలుపు సందులో పడిందండీ.”

“ఏ తలుపు?”

“మా ఇంటి తలుపేనండీ.”

సత్యవాణి డెట్టాల్ నీళ్ళలో దూది ముంచింది. ఇరవై రెండేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్న మనిషి. తలుపులకి పళ్ళుండవని ఆమెకి తెలుసు. పిల్ల పెదవి బిగబట్టి, కిటికీలోంచి గ్రౌండు వైపు చూస్తూ కూర్చుంది. కట్టు కట్టడం అయ్యేటప్పుడు మెల్లిగా అంది.

“మేడం, ఎవరికీ చెప్పకండి.”

సరేనమ్మా అంటే చాలు, ఈ పిల్ల మనసులో ఉన్నదంతా ఇక్కడే కక్కేస్తుంది. ఆ సంగతి సత్యవాణికి ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. కానీ విన్న తర్వాత తాను ఊరుకోగలదా? ఊరుకోకపోతే, మాట తప్పిన మనుషుల్లో తనూ ఒకతవుతుంది.

“ఆ మాట మాత్రం ఇవ్వలేనమ్మా,” అంది. “నీకు సాయం చెయ్యగలిగినవాళ్ళకి చెప్పాల్సి వస్తుంది. కానీ నీకు తెలియకుండా ఎవరికీ చెప్పను. ఇప్పుడు హెడ్మాస్టరుగారికి చెబుతాను.”

దివ్యశ్రీ చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు, మర్యాదగానే.

“ఏం లేదండీ. తలుపేనండీ,” అని లేచి వెళ్ళిపోయింది.

హెడ్మాస్టరు పాండురంగ టేబుల్ మీద ఫైళ్ళ కట్టలు పెట్టుకుని, ఒక్కోటీ తాడు విప్పి సంతకాలు చేస్తున్నాడు. అంతా విని కళ్ళజోడు తీశాడు.

“ఇంటి గొడవలు మనకెందుకండీ సత్యవాణిగారూ? ఏదో అంటే రేపు ఆ పేట పేటంతా వచ్చి గేటు ముందు కూర్చుంటారు. తండ్రిని పిలిపిద్దాం. ఆలస్యాల సంగతీ, ఈ సంగతీ కలిపి ఆయనకే చెబుదాం.”

“కొరికింది ఆయనే అయితేనో సార్?”

పాండురంగ చేతిలో పెన్ను ఆగింది.

“ఆయనే అయితే, పిల్ల మనకి చెప్పిందని మనమే ఆయనకి కబురు పెట్టినట్టవుతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనం చూడబోం,” అంది సత్యవాణి.

ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, “రేపటిదాకా చూద్దాం. ముందు మీరు చూసింది చూసినట్టు కాగితం మీద రాసివ్వండి. మీ అనుమానాలు వద్దు, చూసిందే రాయండి,” అన్నాడు. సత్యవాణి రాసిచ్చింది. సాయంత్రం ఇంటికెళ్ళే గుడివాడ బస్సులో కూర్చున్నాక కూడా పామర్రు వచ్చేదాకా ఆమెకి ఆ చెయ్యి వెనక్కి తీసుకున్న తీరే కళ్ళ ముందు ఆడింది.

మంగళవారం దివ్యశ్రీ రాలేదు. గేటు దగ్గర వరసలో లేదు, క్లాసులో లేదు. మాటిచ్చి ఉంటే వచ్చేదేమో అనుకుంది సత్యవాణి. ఆ పిల్ల పక్కన కూర్చునే అమ్మాయిని అడిగితే చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“వాళ్ళమ్మకి గాలి సోకిందంట మేడం. మాతో మాట్లాడనివ్వరు. వాళ్ళ నాన్న బయటికెళ్తే తలుపుకి తాళం వేసుకుని పోతాడు.”

“ఎవర్ని లోపల పెట్టి?”

“వాళ్ళమ్మనండీ. ఇయ్యాల దివ్య కూడా లోపలే ఉంది.”

సత్యవాణి నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్ళి ఆ మాట చెప్పింది. పాండురంగ కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరగా వేసి, తన ఫోన్లోంచే పిల్లల సహాయవాణి పది తొంభై ఎనిమిదికి చేశాడు. బడి పేరు, తన పేరు, హోదా చెప్పి, సత్యవాణి రాసిన కాగితం ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాడు. పెట్టేశాక రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

“పేట వస్తే రానివ్వండి,” అన్నాడు.

మర్నాడు ఉదయం పిల్లల సంరక్షణ విభాగం నుంచి సాహిత్య అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మాట నెమ్మది. జీపూ పోలీసూ వద్దంది. దివ్యశ్రీ ఉండే గిలకలదిండిలో ఆశా కార్యకర్త మహాలక్ష్మమ్మ ఇంటింటికీ వెళ్ళి బీపీలు చూస్తూ ఉంటుంది కాబట్టి ఆమెతో కలిసి వెళ్తే నలుగురూ మూగరంది. పిల్లకి తెలిసిన మొహం ఒకటి ఉండాలని సత్యవాణిని కూడా రమ్మంది.

హార్బరు దగ్గర బోట్లు దిగుతున్న వేళ అది. ఐసు మరలో పడి గడ్డలు నలుగుతున్న చప్పుడు కాలనీ దాకా వినిపిస్తోంది. దారికి రెండు పక్కలా ఆరేసిన వలల మీదుగా కాళ్ళు జాగ్రత్తగా వేసుకుంటూ ముగ్గురూ నడిచారు. మహాలక్ష్మమ్మ ముందు, నీలం అంచు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని. చివరి వరసలో రేకుల వసారా ఉన్న ఇంటి ముందు ఆగింది. తలుపుకి పెద్ద తాళం వేలాడుతోంది.

కిటికీలో దివ్యశ్రీ మొహం కనిపించింది. టీచరుని చూడగానే తెల్లబోయింది.

“మీరెందుకొచ్చారు మేడం? వెళ్ళిపోండి. నాన్న వస్తాడు.”

ఆయన అప్పటికే వస్తున్నాడు. రేవులోంచి ఎవరో పరుగెత్తి కబురు చెప్పినట్టున్నారు. నాంచారయ్య ఒళ్ళంతా ఐసునీళ్ళతో తడిసి ఉంది. భుజాన తువ్వాలు, మొలతాడుకి తాళంచెవి. మనిషి మరీ పొడుగు కాదు గానీ, వల లాగిన చేతులు బలంగా ఉన్నాయి. ఆ చేతుల్ని చూసేసరికి రెండు రోజులుగా సత్యవాణి లోపల కుములుతున్నదంతా పైకి వచ్చేసింది.

“మనుషుల్ని లోపల పెట్టి తాళం వేస్తారా? ముందు తలుపు తియ్యండి.”

ఆయన గొంతు పెంచలేదు. తల వంచుకుని నిలబడ్డాడు.

“తియ్యనమ్మా,” అన్నాడు. “తీస్తే బయటికొచ్చిద్ది.”

“వస్తే ఏమవుతుంది?”

జవాబు చెప్పేలోగా లోపల ఏదో గిన్నె దొర్లిన చప్పుడైంది. వెంటనే దివ్యశ్రీ “నాన్నా!” అని అరిచింది.

నాంచారయ్య తలుపు మీదికి దూకినట్టు వెళ్ళాడు. కంగారులో తాళంచెవి కన్నంలో పట్టలేదు. మహాలక్ష్మమ్మ తాళంచెవి లాక్కుని తనే తిప్పింది. లోపల చాప పక్కన నేల మీద ఆయన భార్య రోజా పడి ఉంది. ఒళ్ళు కర్రలా బిగుసుకుని, చేతులూ కాళ్ళూ కొట్టుకుంటున్నాయి. దివ్యశ్రీ తల్లి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కట్టు కట్టిన వేళ్ళనే ఆమె పళ్ళ మధ్యకి దూర్చడానికి పెనుగులాడుతోంది.

“వేళ్ళు తియ్యి!” అరిచింది మహాలక్ష్మమ్మ. “నోట్లో ఏదీ పెట్టకూడదు.”

“నాలిక తెగిపోద్ది అత్తా!”

“తెగినా మానిపోయిద్దే. ముందు చెయ్యి తియ్యి. అబ్బాయ్ నాంచారయ్యా, ఇనుముతో ఆగేది కాదిది, ఆ తాళంచెవి దాని చేతిలో పెట్టబోకు. అదిమి పట్టుకోవద్దు. ఆ కుండ పక్కకి జరుపు.”

సత్యవాణి ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి రోజా తల కింద ఉంచింది. మహాలక్ష్మమ్మ రోజా భుజం, తుంటి పట్టుకుని ఒడుపుగా పక్కకి తిప్పింది. నోట్లోంచి నురగ చాప మీదికి కారింది. సాహిత్య చేతి గడియారం చూస్తూ నిలబడింది. ఐదు నిమిషాలు దాటితే వన్ నాట్ ఎయిట్‌కి చేస్తానంది. దివ్యశ్రీ కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఉంది, అది తన మాట వినకుండా మళ్ళీ ముందుకు పోతుందేమో అన్నట్టు.

రెండున్నర నిమిషాలకి కుదుపులు తగ్గాయి. ఊపిరి గురకలా వచ్చి, మెల్లగా మామూలైంది. చాలాసేపటికి రోజా కళ్ళు తెరిచి, ముక్కూమొహం తెలియని మనుషుల్ని చూసింది. ఏం జరిగిందని అడగలేదు. మోకాళ్ళ మీదికి జరిగిన చీరని చేత్తో వెతుక్కుని కిందికి లాక్కుంది.

సత్యవాణి ఆ రెండు వేళ్ళ వైపు చూడలేక గోడ వైపు చూసింది.

కానీ సాహిత్య అక్కడితో సరిపెట్టుకోలేదు. దివ్యశ్రీని వసారాలోకి తీసుకెళ్ళి, పక్కన సత్యవాణిని కూర్చోబెట్టి, అడగాల్సింది అడిగింది. నాన్న ఎప్పుడైనా కొట్టాడా? అమ్మని కొట్టాడా? ఇంట్లో గానీ బయట గానీ నువ్వు భయపడే మనిషి ఎవరైనా ఉన్నారా?

“మా నాన్నా?” దివ్యశ్రీ ఆశ్చర్యంగా చూసింది. “అమ్మ పడిపోతే మా నాన్న గోడ వైపు తిరిగి ఏడుస్తాడండీ. నాన్న వేటకెళ్తే పొద్దున అమ్మ దగ్గర ఎవరూ ఉండరు. అందుకే నాన్న వచ్చి తాళం తీసి, వంటయ్యేదాకా నేను బయల్దేరను.”

“మరి మేడంగారికి చెప్పలేదేం?”

పిల్ల కట్టు అంచు పీకుతూ అంది.

“అమ్మని ఎక్కడికో పంపించేస్తారనీ, నన్ను హాస్టల్లో వేస్తారనీ.”

“అలా అని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండీ. నేనే అనుకున్నా.”

“అమ్మని రేపు ఆసుపత్రికి తీసుకెళ్తాం,” అంది సాహిత్య. “సాయంత్రానికి ఇంటికి తీసుకొస్తాం. కావాలంటే నువ్వూ రా. నువ్వు ఉండేది మీ ఇంట్లోనే.”

దివ్యశ్రీ సత్యవాణి వైపు తిరిగి, నిజమేనా అన్నట్టు చూసింది. ఆమె తలూపింది. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల.

నాంచారయ్య గుమ్మం మీద గొంతుక్కూర్చుని మహాలక్ష్మమ్మకి చెబుతున్నాడు. శ్రావణంలో ఇలాగే వచ్చి రోజా రేవు మెట్ల మీంచి నీళ్ళలో పడింది. పక్క బోటువాళ్ళు చూసి లాగారు కాబట్టి బతికింది. అప్పట్నుంచే ఈ తాళం. మందులు వాడలేదా అంటే తల పట్టుకున్నాడు.

“రెండు నెలలు మింగిందండీ. పడిపోవడం ఆగిపోయింది. తగ్గిపోయింది కదా, ఇంకెందుకని నేనే మానిపించా. మళ్ళీ మొదలయ్యేసరికి జనానికి తెలిస్తే రేపు పిల్లకి కూడా ఉందంటారని...”

“తాళం మాత్రం ఇక కుదరదండీ,” అంది సాహిత్య మెత్తగానే. “లోపల పొయ్యి ఉంది. నిప్పంటుకుంటే మీరు రేవులోంచి వచ్చేలోపు ఏమవుతుంది?”

ఆ ఆలోచన ఆయనకి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. పొయ్యి వైపు చూశాడు, చాప వైపు చూశాడు. నేల మీది తాళంచెవి తీసి మహాలక్ష్మమ్మ చేతిలో పెట్టేశాడు.

“నేను మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను నాంచారయ్యగారూ,” అంది సత్యవాణి.

“నా బిడ్డ చెయ్యి చూసి కూడా మీరు ఊరుకుని ఉంటే అదీ తప్పమ్మా,” అన్నాడాయన.

గురువారం బందరు పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ దగ్గర్నుంచి తలకి వైర్లు పెట్టి తీసే పరీక్ష దాకా మధ్యాహ్నం రెండయింది. డాక్టరు ముందు పిల్ల వేళ్ళకి ఇంజెక్షన్ రాశాడు. రోజాకి మాత్రలు రాసి, కాగితం వెనక పొద్దున సూర్యుడి బొమ్మ, సాయంత్రం చంద్రుడి బొమ్మ వేశాడు.

“నేను చెప్పేదాకా మానకూడదు. ఆరు నెలలు రాకపోయినా మానకూడదు. రాకపోవడమే ఈ మందు చేసే పని. ఒంటరిగా నీళ్ళ ఒడ్డుకి వెళ్ళకూడదు, ఒంటరిగా పొయ్యి దగ్గర ఉండకూడదు.”

నాంచారయ్య అన్నిటికీ తలూపుతున్నాడు. దివ్యశ్రీ నోట్సులో రాసుకుంటోంది. అప్పుడు రోజా గొంతు సవరించుకుంది. రెండు రోజుల్లో ఆమె నోటివెంట పట్టుమని పది మాటలు రాలేదు.

“నేనొకటి అడగొచ్చా అండీ?”

“అడగమ్మా.”

“నేను చేపలమ్ముకోవచ్చా?”

నాంచారయ్య ఏదో అనబోయాడు. డాక్టరు చెయ్యి చూపించి ఆపాడు.

“నలుగురిలో కూర్చుని అమ్ముకుంటే ఎందుకు కూడదమ్మా? కాకపోతే ఆ నలుగురికీ ఏం చెయ్యాలో తెలిసుండాలి.”

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ మాట మీదే గొడవ. అందరికీ ఎలా చెబుతామని నాంచారయ్య, చెప్పొద్దమ్మా అని దివ్యశ్రీ. రోజా ఆటో పక్క నుంచి బయటికి చూస్తూ కూర్చుంది.

శుక్రవారం పాండురంగ స్టాఫ్ మీటింగు పెట్టి, ఆలస్యంగా వచ్చినవాళ్ళని ముందు క్లాసులో కూర్చోబెట్టి, తర్వాత విడిగా కారణం అడగమన్నాడు. గేటు దగ్గర నిలబెట్టడం ఇక లేదన్నాడు. ఎందుకో చెప్పలేదు. దివ్యశ్రీ పేరు ఎత్తలేదు. సోమవారం నుంచి ఆ పిల్ల వస్తుందని సాహిత్య ఫోన్ చేసింది. “మొదటి రోజు కాస్త తోడుండండి మేడం. వాళ్ళమ్మని వదిలి గడప దాటడం కష్టంగా ఉంటుంది,” అంది.

సోమవారం సత్యవాణి ఒక బస్సు ముందు బయల్దేరి, బందరులో దిగి ఆటోలో గిలకలదిండి వెళ్ళింది. ఇల్లు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. చేపలు వేలంపాట పెట్టే రేకులషెడ్డు వైపు చెయ్యి చూపించింది పక్కింటావిడ.

షెడ్డు లోపల నీళ్ళకి దూరంగా, ఆడవాళ్ళ వరస మధ్యలో పీట వేసుకుని రోజా కూర్చుంది. ముందు గంపలో కానాగంత చేపలు. ఆ చివర మహాలక్ష్మమ్మ నవ్వుతూ నిలబడి ఉంది. స్తంభం పక్కన దివ్యశ్రీ యూనిఫారంలో, సంచి భుజాన వేసుకుని, ఎటు పారిపోవాలా అన్నట్టు బిగుసుకుపోయి ఉంది. రోజా గట్టిగా, చేపలు కేకేసి అమ్మే గొంతుతో మాట్లాడుతోంది.

“వినండే. నాకు గాలీ లేదు, దయ్యమూ లేదు. ఫిట్స్ వస్తాయి. మందు మింగుతున్నా. అయినా ఎప్పుడన్నా ఇక్కడ పడిపోతే కేకలెయ్యబోకండి. చేతిలో తాళంచెవులు పెట్టబోకండి. నోట్లో వేళ్ళు పెడితే తెగిపోతయ్. నా కూతురి వేళ్ళు చూడండి కావాలంటే. పక్కకి తిప్పండి, అంతే.”

వేలం పాడే మనిషి కూడా ఆగి చూస్తున్నాడు. దివ్యశ్రీ కళ్ళు మూసుకుంది. అప్పుడు గంపల వరసలో అందరికంటే పెద్దదైన పున్నమ్మ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

“నాకూ ఉందే,” అంది. “చిన్నప్పట్నుంచీ. మీ మావయ్య పోయేదాకా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలా.”

“ఓసినీ!” అంది పక్కావిడ.

“ఎట్టా తిప్పాలే? నన్ను తిప్పి చూపించు,” అంటూ పున్నమ్మ చేపల సంచి పరిచి, దాని మీద అడ్డంగా పడుకుంది. ఇద్దరు ముగ్గురు నవ్వుకుంటూ చుట్టూ చేరారు. ఒకావిడ భుజం పట్టి వెనక్కి లాగుతోంది, ఒకావిడ కాళ్ళు పట్టుకుంది. అటు కాదు ఇటు, ఇటు కాదు అటు అని అరుపులు. పున్నమ్మ మెడ విరుగుద్దిరోయ్ అని మొత్తుకుంటోంది. చూసి చూసి దివ్యశ్రీ ఆగలేకపోయింది. సంచి స్తంభానికి ఆనించి, మధ్యలోకి దూరింది.

“అట్టా కాదు పెద్దమ్మా, ఈ మోకాలు మడవాలి. ఇప్పుడు భుజమూ తుంటీ కలిపి. చూశావా, ఎంత తేలిగ్గా వచ్చిందో. మొహం కిందికుండాలి, లేకపోతే నురగ లోపలికి పోయిద్ది.”

ఒక్కొక్కరి చేతా చేయించింది. సరిగ్గా చెయ్యనివాళ్ళ చేత రెండోసారి చేయించింది. సత్యవాణి స్తంభం దగ్గరే నిలబడి చూస్తూ ఉంది. తను క్లాసులో చెప్పేటప్పుడు కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ విని ఉండరు.

అందరికీ వచ్చిందనుకున్నాక దివ్యశ్రీ తల్లి వైపు చూసింది. రోజా గంపలో చేపలు సర్దుతూ తల ఎత్తకుండా అంది.

“ఇంతమందిమి ఉన్నాం కదే. నువ్వు బడికెళ్ళు.”

ఆటోలో కూర్చున్నాక బందరు రోడ్డు ఎక్కేదాకా ఆ పిల్ల నిశ్శబ్దంగా ఉంది. ఎక్కగానే మొదలుపెట్టింది. తను లేని నాలుగు రోజుల్లో తన కిటికీ పక్క చోటు ఎవరో లాగేసుకున్నారట. అది తనదేనట, జూన్ నుంచీ తనదేనట. మేడం చెబితే లేస్తారట. హిందీ సార్ పద్యం అప్పజెప్పించుకుంటారు, తనకి రాదు, ఇవాళొక్క రోజు వదిలెయ్యమని మీరు చెప్పరా మేడం? మధ్యాహ్నం కూరలో వంకాయ ముక్కలు అంత పెద్దవి ఎందుకు తరుగుతారు? సైన్స్ ఫెయిర్‌కి ఈసారి ఏం చేద్దాం, గుండె బొమ్మ మళ్ళీ వద్దు, అందరూ అదే చేస్తారు.

జూన్ నుంచి ఇప్పటిదాకా ఆ పిల్ల తనతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు. సత్యవాణి ఒళ్ళో సంచి పెట్టుకుని, ఊఁ కొడుతూ వింది. బడి ముందు ఆటో ఆగాక కూడా దివ్యశ్రీ దిగకుండా వంకాయ కూర సంగతే చెబుతూ ఉంది.